మల్లేశం పారిపోలేదు

మంగళవారం, డిసెంబరు మొదటి వారం. పొద్దున ఏడున్నర, జగిత్యాల బస్టాండు.
ఉన్నవాళ్ళు: నేను, నా చెల్లె రాజవ్వ.

మండలాఫీసులో ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆవరణలోని వానకొలత గిన్నెలో నీళ్ళు కొలిచి రాయడం నా పని. ఆ అలవాటే డైరీ అయింది. ఏ రోజు ఎక్కడికి పోయాను, వెంట ఎవరున్నారు, ఏం తిన్నాను, ఏ బస్సు ఎక్కాను, అన్నీ రాస్తాను. రిటైరైనా మానలేదు. ఈ ప్రయాణాన్ని మాత్రం డైరీలో ఉంచకుండా బయటికి రాస్తున్నాను. గల్ఫ్‌లో పిల్లలున్నవాళ్ళు మన జిల్లాల్లో ఇంటికొకరున్నారు. వాళ్ళలో ఎవరికైనా ఈ దారిన పోవలసి రావచ్చు. రాకూడదని కోరుకుంటాను.

రాజవ్వది రుద్రంగి. భర్త పోయి చాలా కాలమైంది. ఒక్కడే కొడుకు, మల్లేశం. మేము గౌండ్లవాళ్ళం, కల్లు గీసే కులం. మల్లేశం కూడా తండ్రి లాగే మోకు నడుముకు చుట్టుకొని పదేళ్ళు తాటిచెట్లు ఎక్కాడు. చెట్లు తగ్గి, గిరాకీ తగ్గి, చివరికి గల్ఫ్ పోయాడు. అక్కడ ఆటల మైదానాల్లో తాత్కాలిక గ్యాలరీలు, టెంట్లు నిలబెట్టే కంపెనీలో పని. ఈ నెలలో పది దేశాల జట్లు వచ్చే పెద్ద రగ్బీ పోటీలున్నాయని, చేతినిండా పని ఉందని ఫోన్‌లో చెప్పాడు. రగ్బీ అంటే ఏంది మల్లేశా అని అడిగితే, "కోడిగుడ్డు లెక్కుంటది మామా బంతి. చంకల వెట్టుకొని ఉరుకుతరు, ఎనుకనుంచి పదిమంది మీదవడ్తరు," అని నవ్వాడు.

తర్వాత అక్కడ గాలివాన వచ్చింది. వానంటే తెలియని ఎడారి నగరంలో రోడ్లు చెరువులయ్యాయి. పోటీలు ఆపేశారు. ఆ రోజు నుంచి మల్లేశం ఫోన్ మోగడం లేదు. సోమవారం సాయంత్రం, వాణ్ణి గల్ఫ్ పంపిన ఏజెంటు రాజవ్వకు ఫోన్ చేసి, మీ కొడుకు క్యాంపు నుంచి పారిపోయాడు, కంపెనీ పోలీసులకు రాసిచ్చింది అన్నాడు. ఆమె అప్పటికప్పుడే రుద్రంగి నుంచి జగిత్యాలలోని మా ఇంటికి వచ్చింది. అక్కడ ఒకసారి పారిపోయినవాడని పేరు పడితే, దొరికిన రోజు జైలు. బయటికొచ్చాక మళ్ళీ ఆ దేశం గడప తొక్కనివ్వరు. ఏజెంటు మాట నమ్మి కూర్చోవడమా, మనం వెతకడమా? మేము తేల్చవలసింది అదే.

ఏజెంటు ఆఫీసు బస్టాండుకు దగ్గర్లోనే. ఎనిమిది దాటాక షట్టరు తీశాడు. గోడ మీది టీవీ ఆన్ చేసి, మమ్మల్ని కూర్చోమని, తను నిలబడే మాట్లాడాడు. టీవీలో సరిగ్గా ఆ మైదానమే వచ్చింది. నీళ్ళలో మునిగిన పచ్చగడ్డి, బస్సులెక్కి హోటళ్ళకు పోతున్న ఆటగాళ్ళు. వార్తలు చదివే అమ్మాయి, ఎవరికీ ఎలాంటి ప్రమాదం జరగలేదు అని చెప్పింది. ఏజెంటు టీవీ వైపు వేలు చూపాడు.

"సూసిన్రా సార్, ఎవ్వలకేం కాలేదు. వానల అందరు ఆగమాగముంటే మీవోడు మెల్లగ జారుకున్నడు. మస్తుమంది గట్లనే చేస్తరు."

రాజవ్వ లేచింది. "పారిపోయెటోడైతే తాటిచెట్ల కాన్నే పారిపోతుండె. గా పని ఇడిసి ఉరికినోళ్ళు ఊరంత ఉన్నరు. వాడు ఉరకలే," అంది.

ఆయన భుజాలెగరేసి ఫోన్ చూసుకోసాగాడు. నా ఒళ్ళు మండిపోయింది. మనుషుల్ని పంపేటప్పుడు ఇంటికి నాలుగుసార్లు వచ్చి చాయ తాగినవాడు, మనిషి కనబడకపోతే టీవీ చూపిస్తున్నాడు. ఒక్క పని చేయించాను. మల్లేశంతో ఒకే గదిలో ఉండే వాళ్ళ పేర్లు చెప్పమన్నాను. చెప్పేదాకా ఆ కుర్చీలోంచి లేవనని కూడా అన్నాను. ఒక్క పేరు చెప్పాడు. కోరుట్ల రవి.

తొమ్మిదింటికి కోరుట్ల బస్సు దొరికింది. రాజవ్వ ఆధార్ చూపి ఆడవాళ్ళ ఉచిత టికెట్టు తీసుకుంది, నాకు మామూలు టికెట్టు. మేడిపల్లి దాటాక రోడ్డుకు రెండు పక్కలా పసుపు చేలు. పక్క సీట్లో ఒక పెద్దమనిషి ఎక్కడికి అని అడిగాడు. సంగతి చెప్పాను. ఆయన తమ్ముడు కూడా అక్కడ పన్నెండేళ్ళు ఉండి వచ్చాడట. "ఫోను బందయిందంటే రెండే సార్. ఒకటి జైలు, రెండోది దవాఖాన. పారిపోయినోడు సుత ఇంటికి ఫోన్ చేస్తడు," అన్నాడు. రాజవ్వ వింటుందని అప్పుడు చూసుకొని నాలుక కరుచుకున్నాడు. రాజవ్వ కిటికీ వైపు తిరిగి, "నిజం చెప్పినవ్ బిడ్డా," అంది.

కోరుట్లలో దిగేసరికి పది దగ్గర. బస్టాండు ఎదురుగా చాయ తాగి, రాజవ్వ తెచ్చిన జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం తిన్నాం. అడుగుతూ పోతే రవి ఇల్లు దొరికింది. రవి తండ్రి నర్సయ్య రైతు, నా ఈడువాడే. వాకిట్లోకి వచ్చి మమ్మల్ని చూసి, మేము ఏమీ అడగకముందే చెప్పడం మొదలుపెట్టాడు. గాలివాన రోజు మైదానంలో స్తంభం కూలి తన కొడుక్కు దెబ్బ తగిలిందట, ఆసుపత్రిలో ఉన్నాడట, తెలివి రాలేదట. కంపెనీ వాళ్ళు ఫోన్‌కు పంపిన సందేశం కూడా చూపించాడు. అందులో రవి పేరు, పాసు నంబరు, ఆసుపత్రి పేరు ఉన్నాయి. మల్లేశం గురించి తమకేమీ తెలియదన్నాడు.

నేను నమ్మాను. మా బాధ కన్నా ఆయన బాధే పెద్దదనిపించి, ధైర్యం చెప్పి లేవబోయాను. అప్పుడు రవి భార్య మమత నీళ్ళ చెంబు తెచ్చింది. రాజవ్వ చెంబు అందుకోలేదు. ఆ పిల్ల తలవైపే చూస్తూ కూర్చుంది. జడలో కనకాంబరాల దండ, వాడలేదు.

"పువ్వులు ఎప్పుడు వెట్టుకున్నవ్ బిడ్డా?"

మమత చెయ్యి జడ మీదికి పోయింది. నర్సయ్య, "గవ్వన్ని ఎందుకు ఇప్పుడు," అని అడ్డం వచ్చాడు.

"పెనిమిటి దవాఖానల తెలివిలేక పడి ఉంటే, ఏ ఆడిది పొద్దుగాలనే పువ్వులల్లుకుంటది? నా కండ్లల్ల సూడు బిడ్డా."

మమత చూడలేకపోయింది. గోడకు ఆనుకొని ఏడ్చింది. "పొద్దుగాలనే ఆయనతోని మాట్లాడిన పెద్దమ్మా. ఆయన మంచిగనే ఉన్నడు. దవాఖానలున్నది మల్లేశమన్న."

లోపల కుక్కర్ విజిల్ వేసింది. ఎవరూ లేవలేదు.

మమతే తన ఫోన్ నుంచి రవికి కలిపింది. తెర మీద ఒక పాతికేళ్ళ మనిషి మొహం, వెనుక ఇనుప మంచాల వరుస. రాజవ్వను చూడగానే ఏడ్చాడు. ఏడుస్తూ, ఆగుతూ చెప్పిందంతా కలిపితే సంగతి ఇది.

తుఫాను వస్తుందని అక్కడి వాతావరణ శాఖ ముందు రోజే చెప్పింది. మధ్యాహ్నానికి ఆట ఆపారు, ప్రేక్షకుల్ని రావద్దన్నారు, ఆటగాళ్ళను హోటళ్ళకు పంపారు. పెద్ద అతిథులు కూర్చునే గ్యాలరీ మీద తెల్లటి గుడ్డకప్పు ఒకటి ఉంది. అది గాలికి చిరిగితే మళ్ళీ ఆట మొదలయ్యేనాటికి కొత్తది రాదు. దాన్ని గట్టిగా బిగించడానికి సాయంత్రం నలుగురిని స్తంభాలెక్కాలని పిలిచారు. అందులో రవి పేరుంది. రవికి ఎత్తు మీద కళ్ళు తిరుగుతాయి. ఆ పూట మల్లేశానికి డ్యూటీ లేదు. "నువ్వు పండుకో, నీ బదులు నేను పోత. రేపు కింది పని నాది నువ్వు చెయ్యి," అన్నాడట. రవి పాసు మెడలో వేసుకొని పోయాడు.

మన ఊళ్ళలో నాట్లప్పుడు ఇది మామూలే. ఇయ్యాల నీ మడిలో నేను, రేపు నా మడిలో నువ్వు. దాన్నే బదులు అంటాం. కూలి లేదు, కాగితం లేదు. మన పిల్లలు అలవాటుగా దాన్ని గల్ఫ్‌కు కూడా తీసుకపోయారు. అక్కడ మెడలో వేలాడే పాసే మనిషి అని వాళ్ళకు తోచలేదు. గేటు దగ్గర పాసు మీద ఫొటో ఎవరూ చూడరట. మన మొహాలన్నీ వాళ్ళకు ఒకటే.

పైకెక్కే నలుగురికి సరిపడా బెల్టులు లేవు. మల్లేశం ఉన్న తాడునే మోకులాగా చుట్టుకొని ఎక్కాడు. గాలికి స్తంభం వంగి సగం కూలింది. తాడు ఉండబట్టే కింద పడకుండా వేలాడాడు, కానీ ఇనుము తలకు కొట్టుకుంది. ఆసుపత్రిలో మెడలోని పాసు చూసి రవి అని రాశారు. కంపెనీ మనుషులు మంచం మీదున్న వాడి మొహమైనా చూడలేదు. భయపడిన రవి ఇంకో క్యాంపులో తెలిసినవాళ్ళ గదిలో దాక్కున్నాడు. తెల్లారి హాజరు తీస్తే మల్లేశం లేడు. పారిపోయాడని రాసేశారు. నిజంగా క్యాంపు వదిలి పోయినవాడు రవి. ఆ మచ్చ మాత్రం మల్లేశానికి అంటింది.

నేను రవితో, కంపెనీకి పోయి ఉన్నదున్నట్టు చెప్పు అన్నాను. ఇద్దరినీ జైల్లో వేస్తారు తాతా అన్నాడు. ఇంతలో నర్సయ్య ఫోన్ లాక్కొని నా చేతులు పట్టుకున్నాడు. "సారూ, జరసేపు ఆలోచన చెయ్యిన్రి. మీ పిలగానికి దవాఖానల ఇలాజయితే నడుస్తున్నది గదా. పేరు ఏదైతేంది?"

నా జీవితంలో ఇంత కోపం ఎప్పుడూ రాలేదు. అయినా గొంతు పెంచలేదు.

"రేపు గా మంచం మీద పానం పోతే, నర్సయ్యా, పెట్టె ఎవలింటికి వస్తది? నీ గడప ముందట దించుతరు. అప్పుడు సుత పేరు ఏదైతేందంటవా?"

నర్సయ్య చేతులు వదిలి అక్కడే కూలబడ్డాడు. ఫోన్‌లో రవి లైను కట్ అయింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. మమత తన భర్త కొత్త నంబరు రాజవ్వ ఫోన్‌లో ఎక్కించి, గుమ్మం దాకా వచ్చి, "మీరే చెయ్యిన్రి పెద్దమ్మా, నేను చేస్తె మామ గుంజుకుంటడు," అంది. జడలో అప్పుడు పువ్వులు లేవు.

రాజవ్వది రుద్రంగి కాబట్టి మొర పెట్టుకోవలసింది సిరిసిల్ల కలెక్టరాఫీసులో. పన్నెండు దాటాక కోరుట్ల నుంచి వేములవాడ పోయే బస్సెక్కాం. కథలాపూర్ దాటి రుద్రంగి రాగానే రాజవ్వ కొంగు తల మీదుగా లాక్కొని మొహం కప్పుకుంది. స్టాపులో ఎక్కిన ఇద్దరు ఆడవాళ్ళు ఆమెను గుర్తుపట్టలేదు. ఒకామె రెండో ఆమెతో, "రాజక్క కొడుకు ఉరికిండట గదనే, దుబాయ్ పోరి ఎవ్వతన్న దొరికిందేమో," అని నవ్వింది. నేను లేవబోతే రాజవ్వ నా మోకాలు మీద చెయ్యి వేసి ఆపింది. ఊరి చివర తాటివనం కనుమరుగయ్యేదాకా ఆ చెయ్యి తీయలేదు.

చందుర్తిలో ఎక్కిన ఒక యువకుడు ఫోన్‌లో ఆటల వార్తలు చూస్తున్నాడు. రగ్బీ ఏమైంది నాయనా అని అడిగాను. నాలాంటివాడు అడగడం వింతగా అనిపించిందేమో, ఉత్సాహంగా చెప్పాడు. నీళ్ళు తోడేశారట, గడ్డి ఆరుతోందట, రేపటి నుంచి మళ్ళీ ఆట అట. "మస్తు ఏర్పాట్లు తాతా, గంత తుఫానుల సుత అతిథుల గ్యాలరీ కప్పు చెక్కుచెదరలే." వాడి తప్పేమీ లేదు. నేను కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాను. నేను గిన్నెలో వాన కొలిచిన రోజుల్లో, పెద్ద వాన వస్తుందని కబురొస్తే ముందు చెరువు కింది వాళ్ళను లేపేవాళ్ళం. ఈ పోటీలవాళ్ళకు కబురు ముందు రోజే అందింది. ఎవరిని లేపాలో, ఎవరిని ఎక్కించాలో లెక్కగా ఎంచుకున్నారు.

వేములవాడలో బస్సు మారి సిరిసిల్ల చేరేసరికి మూడు దగ్గర పడింది. అన్నం తినడానికి ఆగలేదు. కలెక్టరాఫీసులో గల్ఫ్ వాళ్ళ గోడు వినే బల్ల దగ్గర ఒక నడివయసు ఉద్యోగిని ఉంది. ఓపికగా విన్నది. దరఖాస్తు ఎట్లా రాయాలో చెప్పి, తనే రెండు వాక్యాలు సరిదిద్దింది. పోయేవాళ్ళకు చెబుతున్నాను, పాస్‌పోర్టు జిరాక్సు, వీసా కాగితం, చివరిసారి మాట్లాడిన ఫోన్ నంబరు వెంట ఉంచుకోండి. అన్నీ తీసుకున్నాక ఆమె రాజవ్వతో, "మీ మాట నేను నమ్ముతున్నమ్మా. కానీ అక్కడ కంపెనీ కాగితం ఉన్నది. పాసు ఎవరిదో ఆ మనిషి ఎంబసీకి పోయి నోటితో చెప్తేనే మల్లేశం పేరు మల్లేశానికొస్తది. మేము ఇక్కడి నుంచి ఎంత రాసినా దాని తర్వాతే," అంది.

బయట మెట్ల మీద కూర్చున్నాం. రాజవ్వ ఫోన్ తీసింది. నేను మాట్లాడతానంటే వద్దంది. అవతల రింగు పోతూ పోతూ ఆగింది. రవి ఎత్తాడు.

"రవీ, నేను మల్లేశం అవ్వను. తిట్టుటానికి చెయ్యలేదు బిడ్డా, ఫోను పెట్టకు. మీ అవ్వ నాట్లప్పుడు ఎవ్వల బదులన్న ఎగ్గొట్టిందా? అడుగు. మా ఊర్లె బదులు ఎగ్గొట్టినోని మడిల ఎవ్వరు కాలు వెట్టరు. నా కొడుకు నీ బదులు పోయిండు. ఇప్పుడు వంతు నీది. నిన్ను స్తంభం ఎక్కుమంటలేను. ఎంబసీల నాలుగు మెట్లెక్కి, నీ పేరు నువ్వు చెప్పుకో. గంతే."

అవతల ఊపిరి చప్పుడు వినిపించింది. రాజవ్వే ఫోన్ పెట్టేసింది.

ఆ సాయంత్రానికి తిరుగు ప్రయాణం కుదరదని, పాత బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో రెండు గదులు తీసుకున్నాం. కింద హోటల్లో పప్పు, వంకాయ కూర, అన్నం. బాగానే ఉంది, రాజవ్వ రెండు ముద్దలు తిన్నది. వెనుక వీధిలో మరమగ్గాల చప్పుడు. ఆమె, "గీ చప్పుడే మంచిగున్నదన్నా. ఒక్కదాన్నే ఉంటే మెదడు తిరుగుడు ఆగకపోతుండె," అంది.

మరునాడు, బుధవారం. పొద్దున ఎనిమిది దాటింది. కింద చాయ తాగుతున్నాం. రాజవ్వ ఫోన్ మోగింది. రవి. ఈసారి వెనుక ఇనుప మంచాలు లేవు, తెల్ల గోడ ఉంది. ఆసుపత్రిలో ఉన్నానన్నాడు. ఎంబసీకి పోయే ముందు ఇక్కడికే వచ్చాడట, అన్నను చూడకుండా పోబుద్ధి కాలేదట. ఫోన్ తిప్పాడు. తలకు కట్టు, ముక్కులో గొట్టం, వాచిన మొహం. అయినా తల్లికి కొడుకే. రాజవ్వ ఏడవలేదు. ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకొని, "మల్లేశా, అవ్వను," అని పిలిచింది. మళ్ళీ పిలిచింది. కప్పిన దుప్పటి మీద వేళ్ళు కదిలాయి. కళ్ళు సగం తెరిచాడు.

మంచం తలాపున గోడకు చిన్న తెల్ల పలక ఉంది. దాని మీద రవి పేరు ఇంగ్లీషులో రాసి ఉంది. మలయాళీ నర్సు ఒకామె వచ్చి, నువ్వెవరు అని హిందీలో అడిగింది. రవి తన పాస్‌పోర్టు ఆమె చేతిలో పెట్టి, "గా పలక మీదున్నది నేను. మంచం మీదున్నాయన మల్లేశం," అని ముందు తెలుగులోనే అనేసి, తర్వాత హిందీలో చెప్పాడు. ఆమె అతన్నీ, పాస్‌పోర్టునూ, మంచాన్నీ చూసింది. చేతి రుమాలుతో పలక తుడిచి, స్పెల్లింగు అడిగి, మల్లేశం అని రాసింది. అక్కడ మొదటిసారి ఒకరు మొహం చూసి పేరు రాశారు.

రవి అటు నుంచి ఎంబసీకి పోయాడు. కంపెనీ అతన్ని ఏం చేస్తుందో ఇది రాసే పూటకు తెలియదు. నర్సయ్యకు నేనే ఫోన్ చేసి చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. మా పిలగాడు తిన్నాడా అని మాత్రం అడిగాడు.

తొమ్మిదిన్నరకు వేములవాడ బస్సు, అక్కడి నుంచి కోరుట్ల బస్సు. బస్సులో నేనే నా ఫోన్‌లో ఆ పోటీలు పెట్టి చూశాను. మంగళవారం దాకా నాకు రగ్బీతో పని లేదు. మైదానం పచ్చగా మెరుస్తోంది. తెల్ల కప్పు కింద అతిథులు సూట్లేసుకొని కూర్చున్నారు. వ్యాఖ్యాతలు ప్రకృతి మీద మనిషి గెలుపు గురించి మాట్లాడుతున్నారు. ఏ మనిషో చెప్పలేదు. తుఫానును నేను తప్పుపట్టను, గాలికి మనుషుల్ని ఎంచుకునే తెలివి లేదు. ఎంచుకున్నవాళ్ళ మీదే నా కోపం. ఇల్లు చేరినా అది చల్లారదు, చల్లారకూడదని కూడా అనుకుంటున్నాను.

రుద్రంగిలో రాజవ్వ దిగింది. కొంగు భుజం మీదే ఉంది. స్టాపులో కల్లు కుండలు దించుకుంటున్న గంగన్న ఆమెను చూసి, నలుగురికీ వినబడేలా, "ఏమాయె రాజక్కా, దొరికిండా మల్లేశం?" అన్నాడు.

రాజవ్వ సంచి కింద పెట్టి నిలబడింది. బస్సు కదలబోతుంటే కండక్టరమ్మను ఒక్క నిమిషం ఆపమన్నాను.

"దొరుకుడేంది గంగన్నా? వాడేడికి పోయిండని? గాలివానల పెద్దోళ్ళ పందిరి కట్టుమంటే ఎక్కిండు, స్తంభం కూలి దెబ్బ తాకింది. దవాఖానల ఉన్నడు." సంచి మళ్ళీ ఎత్తుకుంది. "తన పేరు మీదనే ఉన్నడు."